పసుపు రాసిన ఎయిర్ గన్

మా నాన్న తీర్థాల్లో, అంటే మా వైపు జాతరల్లో, బుడగల కొట్టు పెట్టేవాడు. చెక్కకు రంగు బుడగలు కట్టి, వచ్చినవాళ్ళ చేత ఎయిర్ గన్‌తో కొట్టించేవాడు. కోనసీమలో ఎక్కడ తీర్థమైనా మా సామాను ముందురోజే దిగేది. వానలు మొదలైతే తీర్థాలుండవు. అప్పుడు తుపాకీని పడుకోబెట్టేవాడు. ఆయన మాటే అది. పిల్లల్ని ఏనాడైనా అంత శ్రద్ధగా పడుకోబెట్టారా అని అమ్మ దెప్పేది.

లోపల గుండు లేదని చూసుకునేవాడు. స్ప్రింగు బిగిసి ఉండకూడదనేవాడు. కుట్టుమిషను నూనె గుడ్డకు అద్ది, ఇనుమంతా తుడిచి, పాత పంచెలో చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. అమ్మ ప్లాస్టిక్ సంచిలో పెడతానంటే మాత్రం కసురుకునేవాడు.

"మన గాలే తడి. సంచిలో పెడితే ఆ తడి ఎటు పోద్దే?"

ఆయనకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక, తుపాకీ సంగతి అమ్మ చూసుకుంది. నేను కాకినాడలో ఉద్యోగంలో ఉన్నాను, నాకేమీ తెలియదు. దసరాకి దానికి ఆయుధపూజ చేయడం మా ఇంట్లో ఏటా ఉన్నదే. అమ్మ గొణుగుతున్నా వినకుండా నాన్న మర్నాడే పసుపంతా తుడిచేసేవాడు. ఆ ఏడు తుడిచేవాడు లేడు. అమ్మ గొట్టం నిండా తడిపసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, కొబ్బరినీళ్ళు చిలకరించి, అది చెరగకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచింది. నాన్న లేచి పట్టుకునేదాకా అమ్మవారి పసుపు దానిమీదే ఉండాలని మొక్కుకుందట.

నాన్న మొండివాడు. రోజంతా రబ్బరు బంతి పిసికి పిసికి వేళ్ళల్లో కదలిక తెచ్చుకున్నాడు. తన ముద్ద తనే కలుపుకుని తినసాగాడు. కిందటి మాఘమాసంలో, నేను ఇంట్లో ఉండగా, "తుపాకీ తేవే, ఈ ఏడు తీర్థానికి పోదాం" అన్నాడు అమ్మతో.

అమ్మ కవరు విప్పింది. గొట్టం పొడుగునా ఎర్రటి పెచ్చులు. అమ్మ కళ్ళకు శుక్లాలు. కొంగుతో తుడుస్తూ, "కుంకుమేనండీ, అమ్మవారి కుంకుమ" అంది సంబరంగా.

అది తుప్పు.

నాన్న తుపాకీ అందుకుని, స్ప్రింగు బిగించడానికి గొట్టం వంచబోయాడు. కీలు తుప్పుతో కరుచుకుపోయి కదల్లేదు. ఆయన చెయ్యి వణకలేదు, పట్టు జారలేదు. పక్కనే ఉండి చూశాను. గోటితో పెచ్చు గీకి, వేలికేసి కాసేపు చూసుకున్నాడు.

"ఏంటండీ, బానే ఉందా?" అంది అమ్మ.

"తుపాకీ నిక్షేపంలా ఉందే. నా చెయ్యే రావట్లేదు."

అమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను గానీ, నాన్న చూసిన చూపుకి మళ్ళీ మూసుకున్నాను. అమ్మ వంటింట్లోకి వెళ్ళాక, కొత్తది కొందాం నాన్నా అన్నాను.

"కొని? మీ అమ్మకేం చెప్తావే?"

ఆనాటినుంచి ఆయన బంతి ముట్టుకోలేదు. ముద్ద ఎత్తడమూ మానేశాడు. ఆడిన అబద్ధాన్ని నిలబెట్టుకోవాలి కదా. అమ్మే కలిపి తినిపిస్తోంది. మొన్న వెళ్ళినప్పుడు చూశాను, ఆ వేళ్ళు నిజంగానే ముడుచుకుపోయాయి.