చెంగమ్మక్క ఇంట్లో ఆగిన దీపం

మా చిన్నప్పుడు... మా తమ్ముడు శీనుగాడు విషజ్వరం నుంచి లేచిన ఎండాకాలం అది. చొక్కా వేస్తే కొంకికి తగిలించినట్టు ఉండేవాడు. "రోజుకో గుడ్డు పెట్టమ్మా, అప్పుడుగానీ కోలుకోడు" అన్నారు డాక్టరుగారు. మా పల్లెలో అంగడికి గుడ్లు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు... వచ్చినవి కూడా ఆ ఎండలకు సగం మురిగిపోయేవి. ఇంట్లోనే కోడిపెట్టను పెంచాల్సిందేనని అమ్మ పట్టుబట్టింది.

మాది దొరవారిసత్రం దగ్గర పల్లె. పులికాట్ ఒడ్డు నుంచి రోజు మార్చి రోజు చేపల బుట్టతో వచ్చే చెంగమ్మక్క ఇంట్లో మంచి పెట్టలున్నాయని తెలిసి, ఒకరోజు పొద్దున్నే అమ్మా నేనూ బయల్దేరాం. అప్పుడు నాకు పదేళ్లు.

బస్సు దిగి, నడిచి చేరేసరికి కోళ్లన్నీ మేతకు చెదిరిపోయాయి. నూకలు చల్లి, పిలిచి, తరిమి పట్టుకునేసరికి మిట్టమధ్యాహ్నం. చెంగమ్మక్క ఒక ఎర్రపెట్టను చంకన పెట్టుకుని, తోక కింద ఎముకల మధ్య వేళ్లు ఆనించి చూపించింది.

"రెండు వేళ్లు పడతా ఉండాయి చూడక్కా. గుడ్లు పెట్టేది ఇదే. ఒక వేలు కూడా పట్టకపోతే అది కూరకే."

అమ్మ ఎండవైపు చూసి, "సాయంత్రం చల్లబడినాక తీసకపోతాం చెంగమ్మా" అంది.

చెంగమ్మక్క మొహం చిన్నబోయింది. "ఈ కార్తెలో చల్లబడేదీ దీపం పెట్టేదీ ఒకే ఏళకి గదక్కా. దీపం పెట్టినాక కోడి గడప దాటితే దాని ఎనకే లచ్చిమి పోతాదని మా అత్త చెప్పిపొయ్యింది. ఏమనుకోబాక."

అమ్మ సరేనని, పెట్టను మేం తెచ్చుకున్న గంపలో పెట్టించింది. మా ఇంట్లోనూ అంతే... దీపం పెట్టాక ఉప్పు, మజ్జిగ బయటికి ఇచ్చేవాళ్లం కాదు.

రోడ్డు దాకా రెండు మైళ్లు. గంప నేనే ఎత్తుకుంటానని మారాం చేశాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు... ఆ ఇసుకలో నా కాళ్లే కాలుతుంటే, పాపం ఆ మూగజీవికి ఎలా ఉందోనని నాకు తెగ జాలేసింది. అమ్మ ముందు నడుస్తోంది. నేను గంప మీద గోనెపట్టా కప్పి, ఎక్కడా ఎండ దూరకుండా చుట్టూ దోపేశాను. లోపల కాసేపు కొట్టుకుంది, తర్వాత ఊరుకుంది. సర్దుకుందనుకుని సంబరపడ్డాను.

రోడ్డు పక్క వేపచెట్టు కింద గంప దించి పట్టా తీస్తే... ముక్కు తెరుచుకుని, మెడ వాల్చేసి ఉంది. సీసాలో ఉన్న నీళ్లన్నీ అమ్మ దాని తల మీద, కాళ్ల మీద పోసింది. లేవలేదు.

అమ్మ ఖాళీ సీసాకు మూత పెట్టి, గంప తన నెత్తికెత్తుకుంది. తిట్టినా బాగుండేది.

ఇంటి దగ్గర శీనుగాడు గుప్పిట నిండా నూకలు పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఏదక్కా పెట్ట?" అన్నాడు.

రెండోరోజు చెంగమ్మక్క చేపలతో వచ్చింది. సంగతి వినగానే నా నెత్తిన ఒక మొట్టికాయ పడింది. "కోడికి చెమట పడతాదా మే? నోరు తెరిచి రొప్పితేనే దాని ఒళ్లు చల్లబడేది. గాలాడకుండా మూసేస్తే ఎట్ట బతుకుతాది?" అంది. నేను వెక్కడం మొదలుపెట్టేసరికి తన కొంగుతోనే నా ముక్కు తుడిచింది... ఆ నీచువాసన నాకు ఇప్పటికీ ఇష్టమే.

శీనుగాడి వైపు కాసేపు అలాగే చూసింది. "రేపు పొద్దు గుంకినాక రాండక్కా. కోళ్లు గూట్లో చేరినాక చల్లపూట ఇస్తా" అంది అమ్మతో.

"మరి దీపం?" అంది అమ్మ.

"రాండి చూద్దాం" అని బుట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

మర్నాడు నాయన సైకిలు వెనక కూర్చుని వెళ్లాను. నీళ్ల మీద నుంచి గాలి తగులుతోంది. జాలర్ల కుప్పంలో అన్ని ఇళ్లలో దీపాలు వెలిగాయి... చెంగమ్మక్క ఇల్లొక్కటే చీకటి. గడపలో ఆమె కోడలు చంటిబిడ్డను ఒళ్లో వేసుకుని విసనకర్రతో దోమలు తోలుతోంది. పొయ్యి కూడా రాజేసినట్టు లేదు.

"మీ ఇంట్లో దీపం లేదా అక్కా?" అన్నాను, ఎదురొచ్చిన చెంగమ్మక్కతో.

"ఉంది మే. మీరు పొయ్యినాక పెట్టుకుంటాం. దీపం పెట్టకముందే ఇస్తా ఉండా గదా, మా అత్త మాట తప్పినట్టు కాదు."

గూట్లో చెయ్యి పెట్టి, నిద్రమత్తులో ఉన్న నల్లపెట్టను చడీచప్పుడు లేకుండా తీసి గంపలో పెట్టింది. మీద పాత వల ముక్క కట్టింది. నాయన జేబులో చెయ్యి పెట్టబోతే, "పిల్లల్ని చేసినాక రెండు నాకీండి, చాలు. బిరీన పోండి, బిడ్డ చీకట్లో ఏడస్తా ఉండాడు" అంది.

కట్ట మీదికి ఎక్కాక వెనక్కి తిరిగి చూశాను. అప్పుడు వెలిగింది ఆ ఇంట్లో దీపం.

ఇంటికొచ్చాక మా అవ్వ, కొత్త పెట్ట ఇల్లు వదిలి పోకూడదని, దాన్ని రోలు చుట్టూ మూడుసార్లు తిప్పింది. తొమ్మిదోనాడు గంప కింద గుడ్డు... శీనుగాడు దాన్ని చెంపకు ఆనించుకుని, వెచ్చదనం పోయేదాకా ఎవరికీ ఇవ్వలేదు. వర్షాలు మొదలయ్యేసరికి చొక్కా వాడికి సరిపోయింది. చెంగమ్మక్కకు రెండు పిల్లల్ని నేనే పట్టుకెళ్లి ఇచ్చాను, వల కట్టిన గంపలో.

మొన్న ఎండల్లో శీనుగాడి కూతురు కోళ్లు కావాలని గోల పెడితే, నేనూ వాడూ కోట ఊరి దాకా వెళ్లి రెండు పెట్టలు తెచ్చాం. అమ్మిన మనిషి అట్టపెట్టెలో పెట్టిస్తే, శీనుగాడు కారు తాళంచెవితో చుట్టూ బొక్కలు పొడిచాడు, నా వైపు ఓరగా చూసి నవ్వుతూ. ఏసీలో హాయిగా వచ్చాయి. ఎవరినీ బతిమాలుకోలేదు, ఎవరూ మాకోసం ఆగలేదు... ఇల్లు చేరి స్విచ్ వేస్తుంటే మాత్రం చెంగమ్మక్క గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. ఆమె పోయి చాలా ఏళ్లయింది.

ఇప్పుడు మన ఇళ్లలో కావలసినంత వెలుగు ఉంది గానీ, పక్కవాళ్ల బిడ్డకోసం కాసేపు చీకట్లో కూర్చునే మనుషులే కరువయ్యారు... మీకోసం ఎవరైనా అలా దీపం ఆపుకున్నారా? ఉంటే వాళ్ల గురించి ఇక్కడ ఒక మాట రాయండి... చదువుకుంటాను.