చప్పట్లు చరిచి చూసిన హాలు

శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న మా ఊళ్లో కమ్యూనిటీ హాలు కట్టారు. లోపల శబ్దం ఎలా ఉందో చూడమని మైకుసెట్టు వాణ్ని కదా అని నన్ను పిలిచారు. మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు చరిచాను. ఆ చప్పుడు అన్ని గోడలనూ పలకరించి, తీరిగ్గా నా దగ్గరకే వచ్చింది. కింద గ్రానైట్, గోడలకు పైదాకా టైల్స్. స్నానాల గదిని పెద్దది చేసి హాలని పేరు పెట్టారు.

"పెళ్లి మేళానికి సరిపోద్ది. మాటలకి పనికిరాదు. కిటికీలకీ గోడలకీ మందపాటి పరదాలు కట్టించండి," అన్నాను.

"అంత మంచి టైల్స్ కప్పేత్తామేటిరా? మేళం పెట్టించి సూసినాం, అదిరిపోనాది," అన్నాడు కమిటీ ప్రెసిడెంటు. మేళం ఎక్కడైనా అదురుతుందని ఆ పెద్దలెవరికీ తట్టలేదు.

మొదటి మీటింగు హాలు వెనక ఇసుక గురించే. అక్కడ మా పెద్దమ్మ చేపలు ఎండబెట్టుకునేది. అదే ఆమె బతుకు. ఆ ఇసుకను గచ్చు చేసి బళ్లు నిలుపుకుంటామంది కమిటీ. అభ్యంతరాలు వినడానికి ఒక అధికారి వచ్చాడు.

పెద్దమ్మ లేచింది. రేవులో చేపల వేలం పాడే గొంతు. మైకు వద్దంది.

"ఆ ఇసక నేకపోతే మాకు కూడెలాగొస్తాది బాబూ?"

అధికారి చెవి ముందుకు పెట్టాడు. ఆమె గొంతు పెంచింది. అదే పొరపాటు. ఆ హాల్లో ముందు మాట చావకముందే వెనక మాట వచ్చి దాని మీద పడుతుంది. నెమ్మదిగా చెప్పమని నేను సైగ చేశాను. కోపంలో ఉన్న మనిషి సైగలు చూస్తుందా?

"ఏమంటోంది?" అని అధికారి ప్రెసిడెంటును అడిగాడు.

"సంతోసమే అంటన్నాదండి."

కాదని అరిచాను. నా అరుపూ ఆ గోలలోనే కలిసిపోయింది. అధికారి సంతోషమే అని పుస్తకంలో రాసుకున్నాడు.

గచ్చు పడింది. పెద్దమ్మకు హాలు గోడ వారగా రెండు మూరల జాగా మిగిలింది. అక్కడే చేపలు ఆరేసింది. ఆ వాసన తట్టుకోలేక, ఏ సందులోంచీ రాకూడదని కమిటీ వాళ్లు కిటికీలకూ గోడలకూ మందపాటి పరదాలు కట్టించారు.

మొన్న వెళ్లి మళ్లీ చప్పట్లు చరిచాను. చప్పుడు అక్కడికక్కడే ఆగిపోయింది. పెద్దమ్మను పిలిచి ఇప్పుడు అడగమని, వేదిక దగ్గరున్న ప్రెసిడెంటుతో వెనక నుంచే అన్నాను.

"పుస్తకంలో రాసేసినారు కదరా. ఇంకేటి సెప్తాది?" అన్నాడు.

మెల్లగానే అన్నాడు. వెనక వరుసలో ఉన్న నాకు ఒక్క అక్షరం పోకుండా వినిపించింది.