గొయ్యుంది, సూసుకో

జీడితోటల మధ్య బండ్లు తిరగని ఆ రోడ్డులో పైడయ్య సైకిలు మెల్లగా పోతుంది. ఎడమ చెయ్యి బ్రేకు వదలదు. గొయ్యి కనిపిస్తే చాలు, తల కొంచెం వెనక్కి తిప్పి, "గొయ్యుంది, సూసుకో" అంటాడు. వెనక ఎవరూ ఉండరు. మూడేళ్లు భార్యను డయాలసిస్‌కు కూర్చోబెట్టుకుని తొక్కిన దారి అది. ఆమె పోయి ఏడాదైనా ఆ మాట పోలేదు.

మొన్న పక్కింటి నూకమ్మ ఖాళీ చేపల తట్టతో దారిలో కనిపించింది. "మావా, కాళ్లు పీకేత్తన్నాయి, ఎక్కించుకో" అంటూ జవాబుకు ఆగకుండా వెనక కూర్చుంది. పైడయ్య కాదనలేకపోయాడు. మలుపు దగ్గర గోతిలో పడి సైకిలు ఎగిరింది.

"ఏటి మావా, ఉత్త సైకిలుకి సెప్తావు, మనిసికి సెప్పవా? నడుం ఇరిగిపోనాది!" అని నూకమ్మ నవ్వింది.

పైడయ్య కిందికి దిగి, ఆమెను అలాగే కూర్చోబెట్టి, ఊరొచ్చేదాకా సైకిలు నడిపించుకుంటూ వెళ్లాడు.