పొదుగుకాలం

ఆరోగ్య పదకోశం కోసం ఈ రోజు పొద్దున ‘ఇంక్యుబేషన్ పీరియడ్’కి అర్థం రాశాను: జబ్బు ఒంట్లో చేరాక, లక్షణాలు బయటపడేదాకా పట్టే పొదుగుకాలం. అందరికీ అర్థమవుతుందో లేదోనని పక్కింటి మంగగారికి చదివి వినిపించాను.

“కుక్క కరిచినా అంతేనాండీ? పుండు మానిపోయినా లోపల పొదుగుతూనే ఉంటుందా?” అన్నారావిడ.

“ఎవర్ని కరిచిందండీ?”

“మావారినేనండీ. పోయిన నెల, గణపవరంలో మా చేపల చెరువు గట్టు మీద. పసుపు అద్ది ఊరుకున్నారు.”

రాత పక్కన పెట్టేసి, ఆయన్ని ఏలూరులో ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారంతా ఆయన మమ్మల్ని చూసి నవ్వుతూనే ఉన్నారు. డాక్టరుగారు మచ్చ చూసి, ఆ కుక్క ఎలా ఉందని అడిగారు.

“మూడు నాలుగు రోజులకే చచ్చిపోయిందండీ. మేమే పూడ్చాం,” అన్నారాయన.

డాక్టరుగారు వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టించారు. రేబీస్ లక్షణాలు ఇంకా కనబడలేదు కాబట్టి ఆశ ఉందన్నారు.

ఇంటికొచ్చాక ఆయన మంచినీళ్లు అడిగారు. ఆ జబ్బు ముదిరితే నీళ్లు మింగలేరని మా ఇద్దరికీ తెలుసు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆయన గొంతు వైపే చూస్తూ నిలబడ్డాం.

మీ ఇంట్లో కుక్క కరిచినా ఇలా ఊరుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఈ పూటే అడిగి చూడండి.