ఒకటో నంబరు చీటీ

ఎర్లెన్‌రోడ్ ఊళ్ళో నాలుగు వందల పదిమంది ఉంటే, వాళ్ళందర్నీ చూసి కుళ్ళుకునే బాధ్యత వెండెలిన్ ఒక్కడే నెత్తిన వేసుకున్నాడు. డెబ్బై ఏడేళ్ళు వచ్చినా ఆ పనిలో ఒక్కరోజు కూడా సెలవు తీసుకోలేదు. పక్కింటి కప్పు మీద కొంగలు గూడు కట్టుకున్న రోజున నేరుగా ఊరి పెద్ద రోస్విత ఇంటికొచ్చి కూర్చున్నాడు.

"వాళ్ళ కప్పులో ఏముందమ్మా, మా కప్పులో లేనిది? నువ్వొక మాట చెప్పి చూడరాదూ?"

"ఎవరికి బాబాయ్?"

"ఇంకెవరికి, కొంగలకి!"

ఎవరికైనా ఎనభై నిండితే ఊరి పెద్ద పళ్ళబుట్ట పట్టుకెళ్ళడం అక్కడి ఆనవాయితీ. రోస్విత బుట్టతో బయల్దేరితే చాలు, వెండెలిన్ గేటు దగ్గర ఆపేవాడు. "అనాసపండు కూడానా! నాకు ఎనభై వచ్చేసరికి నువ్వు దిగిపోతావు, నా మొహాన నాలుగు ఆపిల్ కాయలు కొడతారు. వాళ్ళదే భాగ్యం!" ఆఖరికి వడ్రంగి గెర్నోట్ తండ్రి పోయినప్పుడు కూడా ఊరుకోలేదు. సమాధి దగ్గర జనాన్ని చూసి నోరు తెరిచి, పోయినాయన భార్యతో, "ఇంతమందా! బ్యాండు మేళం మొత్తం దిగిందే! నీదే భాగ్యమమ్మా!" అన్నాడు. ఆవిడ ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వేసింది.

రోస్వితకి మాత్రం అతన్ని చూస్తే ఒళ్ళు మండేది. తొమ్మిదేళ్ళుగా జీతం లేకుండా ఊరి చాకిరీ చేస్తోంది. అయినా ఎవరింట్లో కాఫీకి కూర్చున్నా కబుర్లన్నీ వెండెలిన్ గురించే. తన గురించి ఒక్క ముక్క లేదు. ఇది అసూయ కాదని ఆమె తనకి తాను చాలాసార్లు చెప్పుకుంది. చెప్పుకున్న ప్రతిసారీ ఇంకాస్త మండింది.

ఊరి మధ్య ఉమ్మడి రొట్టె పొయ్యి ఉంది. నెలకో శనివారం అందరూ అక్కడే కాల్చుకుంటారు, వంతుల కోసం చీటీలు తీస్తారు. ఒకటో నంబరు వచ్చినవాళ్ళ పని అయినట్టే. నెలంతా చల్లబడిన రాతి పొయ్యిని వాళ్ళే వేడెక్కించాలి. తక్కినవాళ్ళకి రెండు మోపుల చితుకులు సరిపోతే వాళ్ళు ఆరు మోపులు మోయాలి. అంత పొగ మింగాక కూడా రొట్టె పాలిపోయే వస్తుంది.

అలాంటి ఒకటో నంబరు మీద కూడా వెండెలిన్‌కి అసూయే. "ఒకటా? నీకా? ఈ ఊళ్ళో మొదటివాణ్ణి నేనుండగా?" అంటూ చీటీ లాక్కుని, తన చీటీ వాళ్ళ చేతిలో కుక్కేవాడు. పోగొట్టుకున్నవాళ్ళు పైకి మొహం ముడుచుకుని లోపల పండగ చేసుకునేవారు. సాయంత్రానికి అతను తన పాలిపోయిన రొట్టెని చంకలో పెట్టుకుని, అందరి రొట్టెలూ తట్టి చూస్తూ, "పెంకు ఎంత ఎర్రగా వచ్చిందో! నీదే భాగ్యం!" అని నిట్టూర్చేవాడు.

కిందటి నెల ఆ పొయ్యిని ఫోటో తియ్యడానికి పేపరువాళ్ళు వచ్చారు. రోస్విత కొత్త కోటు తొడుక్కుంది. తీరా పేపర్లో వచ్చింది చీటీ పైకెత్తి పట్టుకున్న వెండెలిన్. పక్కన ఒక మోచెయ్యి. అది రోస్వితది.

దాంతో ఆమె కొత్త నియమం పెట్టింది. ఇకమీదట చీటీ లాక్కున్నవాళ్ళు ఏడాదిపాటు ఆ పొయ్యి గడప తొక్కకూడదు. ఒంటరి మనిషి వెండెలిన్‌కి ఆ శనివారాలు తప్ప ఇంకో సందడి లేదని ఆమెకి తెలుసు. తెలిసే పెట్టింది.

ఆ శనివారం ఒకటో నంబరు ఒటీలియకి వచ్చింది. ఎనభై నాలుగేళ్ళావిడ, మణికట్టు విరిగి కట్టుతో ఉంది. వెండెలిన్ చెయ్యి అప్పుడే లేచింది.

"బాబాయ్!" రోస్విత గొంతు పెంచింది. "లాక్కున్నావో, ఏడాది!"

అతను ఎర్రబడ్డాడు. ఒటీలియ చేతికేసి చూశాడు. "అంత తెల్లని కట్టూ వదినకే, ఒకటో నంబరూ వదినకేనా? అన్నీ ఒక్కళ్ళకేనా?" అని చీటీ లాగేసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "రాసుకో. ఏడాది రాను. ఇవాళ్టికి మాత్రం కాల్చుకోనీ," అన్నాడు.

ఒటీలియే అంది. "రోస్వితా, నీ భుజం పట్టేసినప్పుడు నీ చీటీ కూడా లాక్కున్నాడు కదే?"

"నా మోకాలి ఆపరేషనప్పుడు నాదీ లాక్కున్నాడు," అంది పోస్టాఫీసు చూసే క్లోథిల్డ.

"చంటిపిల్లతో వచ్చిన ఏడాది నాది రెండుసార్లు!" అంది ఇంకో ఆమె, రెండుసార్లు అన్న మాటని గొప్పగా నొక్కుతూ.

ఎద్దులాంటి గెర్నోట్ ముందుకొచ్చాడు. "నాకు నాలుగుసార్లు ఒకటి వచ్చింది. ఒక్కసారైనా లాక్కోలేదే! నేనేం పాపం చేశాను బాబాయ్?"

అందరూ వెండెలిన్ వైపు తిరిగారు. దొంగతనం బయటపడినవాడిలా అతను దిక్కులు చూశాడు. "నీ చీటీ ఎవడిక్కావాలిరా, నీ మొహంలాగే నలిగి ఉంటుంది!"

రోస్వితకి తొమ్మిదేళ్ళ పళ్ళబుట్టలన్నీ గుర్తొచ్చాయి. అవి అందరూ చూస్తుండగా మోసినవి. ఈ ముసలాయన తిట్లు తింటూ చితుకులు మోశాడు. ఇంతకుముందెన్నడూ లేనంత అసూయ పుట్టిందామెకి, సిగ్గుతో కలిసి. ఒక్క అంగలో వెళ్ళి అతని చేతిలో చీటీ లాక్కుంది.

"ఎప్పుడూ నీకేనా? ఊరి పెద్దని నేను. ఒకటి నాక్కావాలి!"

"అది నాది!"

"నువ్వు ఏడాది గడప తొక్కకూడదు, బయటికి నడు!"

"నువ్వూ లాక్కున్నావుగా! నువ్వూ తొక్కకూడదు!"

పొయ్యి తాళంచెవి రోస్విత దగ్గరే ఉంటుంది. ఆమెనీ వెలివేస్తే ఊరికి రొట్టె లేదు. గెర్నోట్ నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకున్నాడు. గోడకి అంటించిన నియమం కాగితాన్ని ఒటీలియ మంచి చేత్తో చింపి చితుకుల కింద పెట్టింది. బాగానే అంటుకుంది.

ఆరు మోపులూ ఇద్దరూ చెరి సగం మోశారు. మధ్యాహ్నానికి రోస్విత రొట్టె బయటికొచ్చింది, రంగు వెలిసిన పిండి ముద్దలా. ఆమె దాన్ని పట్టుకుని, కావాలనే వెండెలిన్ ముందు నిలబడింది. అతను తట్టాడు, తిప్పాడు, వాసన చూశాడు. అసూయపడటానికి ఏమీ దొరక్క పాపం చాలాసేపు అవస్థ పడ్డాడు.

"పాలిపోతే పోయింది," అన్నాడు చివరికి. "ఎక్కడా మచ్చ లేకుండా అంతా ఒక్కలా పాలిపోయింది చూడు! నీదే భాగ్యం తల్లీ!"