ఇరవై నిమిషాలు ఆడిన మగ్గం

ఈ మధ్య హిందూపురంలో ఒక కాలేజీవాళ్లు పిలిచి, స్టార్టప్ పెట్టి నేర్చుకున్న పాఠాలు పిల్లలకు చెప్పమన్నారు. గంటసేపు చెప్పాను. కస్టమర్ మాట వినండి, చిన్నగా మొదలుపెట్టండి, తప్పు చేయడానికి భయపడకండి అన్నాను. మూడోది చెప్పేటప్పుడు మాత్రం మధ్యలో ఆగి, నీళ్లు తాగి నెట్టుకొచ్చాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఆ శాలువా చేతిలో పెట్టుకుని పెనుకొండ బస్సెక్కుతుంటే తల కొట్టేసినట్టయింది. చెప్పాల్సిన పాఠం ఒక్కటే ఉంటే, అది తప్ప అన్నీ చెప్పి వచ్చాను. దాన్ని ఇక్కడ రాస్తున్నాను.

మాది పెనుకొండ. నాయన బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. నేను ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో ఆరేళ్లు ఉద్యోగం చేసి, ఒకరి కింద పనిచేయడం నా ఒంటికి పడదని తేల్చుకుని, హిందూపురంలో ఒక మందుల షాపు పైన గది తీసుకుని కంపెనీ పెట్టాను. ఆలోచన ఇదీ: ధర్మవరంలో పట్టుచీర నేసే మనిషికీ, ఎక్కడో ఆ చీర కట్టుకునే మనిషికీ మధ్య ఎవరూ ఉండకూడదు. పెళ్లికి చీర కావాలనుకున్నవాళ్లు మా యాప్‌లో ఆర్డరు పెడితే, నేస్తున్నంత కాలం ఆ మగ్గాన్ని ఫోన్లో చూసుకోవచ్చు. మగ్గం చట్రానికి ఒక పాత ఫోను బిగించేవాళ్లం. మగ్గం ఆడుతుంటే యాప్‌లో పచ్చ చుక్క. పావుగంట ఆగితే ఎర్ర చుక్క. పగటిపూట మూడు గంటలు ఎరుపులోనే ఉంటే, "మీ మగ్గం ఆలస్యంగా నడుస్తోంది. మీ కస్టమర్ ఎదురుచూస్తున్నారు" అని నేతగాడి ఫోనుకు మెసేజీ. ఆ రెండు వాక్యాలూ నేనే రాశాను. దీనంతటికీ పారదర్శకత అని పేరు కూడా పెట్టాను. ఇప్పుడు ఆ చుక్కలు లేవు. తీసేశాక ఎందుకు తీశారని ఒక్క కస్టమరూ అడగలేదు.

మధ్యలో ఎవరూ ఉండకూడదని చెప్పి, పీట వేసుకుని నేనే మధ్యలో కూర్చున్నాను. ఆ సంగతి అప్పట్లో తట్టలేదు.

ధర్మవరంలో మగ్గం ఇంట్లోనే ఉంటుంది. వీధి తలుపు తీస్తే ముందు గదిలోనే గుంట, ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని నేసే మనిషి. అదే గదిలో అన్నాలు తింటారు, పిల్లలు చదువుకుంటారు, చుట్టాలొస్తే కూర్చుంటారు. అలాంటి గదిలో కెమెరా పెడతామంటే ఎవరు ఒప్పుకుంటారు? తిరిగిన ఇళ్లన్నీ వద్దన్నాయి. సరే అన్నది ఒకే ఒక అన్న. సన్నగా, మాట తక్కువ మనిషి. ఆయన భార్యను వదినా అనేదాన్ని. ఆయన తల్లి, అవ్వ, మగ్గం పక్కనే చాప మీద కూర్చుని కండెలకు దారం చుట్టేది.

"ఈ ఫోన్లో నేనూ కనపడతానా పాపా?" అని అడిగింది అవ్వ.

"లేదవ్వా, మగ్గం ఒగటే" అన్నాను.

"మల్ల నేను చుట్టేది ఎవురికి తెలస్తాది?" అని నవ్వింది. నేనూ నవ్వేశాను. బంగారంలాంటి ప్రశ్న, నవ్వి ఊరుకున్నాను.

ఆ అన్న పెట్టించుకున్నాడని చూసి వీధిలో మిగతావాళ్లూ మెత్తబడ్డారు. మొత్తం పన్నెండు మగ్గాలయ్యాయి. పక్కింట్లో తండ్రీ కొడుకులు. పెద్దాయనకు చూపు తగ్గి నేయడం మానేశాడు, కొడుకు నేసేవాడు. పెద్దాయన అరుగు మీద కూర్చుని, అన్ని మగ్గాల చప్పుడులోనూ ఏ ఇంట్లో దారం తెగిందో చెప్పేవాడు. నమ్మక నేను లేచి వెళ్లి చూసొచ్చాను. నిజమే. "మా యాప్ కంటే తాతే నయం" అని అందరితోపాటు నవ్వాను.

మా కంపెనీలో పెట్టుబడి పెట్టాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు ఒక మంగళవారం పదకొండు గంటలకు వీడియో కాల్‌లోకి రమ్మన్నారు. మగ్గం ఆడుతుంటే కళ్లారా చూస్తామన్నారు. ఆ పొద్దున పెనుకొండలో రైలెక్కి, హిందూపురం వైపు పోతూ ఫోను తీసి చూస్తే పన్నెండు చుక్కలూ ఎరుపే. సర్వర్ పోయిందనుకున్నాను. కాదు. కరెంటు పోయిందేమో అనుకున్నాను. చేతిమగ్గానికి కరెంటెందుకే అని నన్ను నేనే తిట్టుకుని అన్నకు ఫోన్ చేశాను.

"పక్కింటి పెద్దాయన పోయినాడు పాపా, తెల్లారుజామున" అన్నాడు. "కూతురు గుంతకల్లు నుంచి వస్తాండాది. వచ్చినాంక ఎత్తుతారు."

అయ్యో అన్నాను. ఆ అయ్యో ఎంతసేపు నిలిచిందో నాకే తెలుసు. "మగ్గాలన్నీ ఆపేసినారు కదన్నా?" అని అడిగాను.

"శవం వీధిలో పెట్టుకోని మగ్గం ఎట్లాడిస్తాం పాపా?"

ఇక్కడ నాకు తెలియదు అని రాసుకుంటే ఎంత బాగుండేదో. కానీ తెలుసు. పెనుకొండలో షాపు ముందునుంచి శవం పోతుంటే నాయన చేతిలో పని కింద పెట్టి, షట్టరు సగం దించి, లేచి నిలబడేవాడు. పోయింది ఎవరో తెలియకపోయినా సరే. చిన్నప్పుడు ఒకసారి "వాళ్లు మనకేమైతారు నాయనా?" అని అడిగాను. "మన అంగడి ముందర పోతాండారు కదా" అన్నాడు. అంతకు మించి చుట్టరికం ఆయనకు అక్కర్లేదు. ఆ ఇంట్లో పుట్టి, ఆ షట్టరు చప్పుడు వింటూ పెరిగినదాన్ని నేను.

అయినా అడిగాను.

"ఇరవై నిమిషాలన్నా. పదకొండు నుంచి పదకొండూ ఇరవై. తలుపు మూసుకోని మెల్లగా ఆడించు. ఈ పొద్దు చూపీకపోతే కంపెనీ మూతబడతాది. పన్నెండిండ్ల ఆర్డర్లూ పోతాయి."

అది అబద్ధం. కంపెనీ ఇంకో నెల నిలబడగలిగేదే. వాళ్లకు ఒక ఫోన్ చేసి రేపు పెట్టుకుందామని అడిగితే సరిపోయేది. కానీ ఒక వీధిలో ఎవరో ముసలాయన పోయాడని చెప్పి వాయిదా అడగడానికి నాకు నామోషీ అయింది. హోంవర్కు చేయని పిల్ల చెప్పే సాకులా ఉంటుందనుకున్నాను. ముక్కూ మొహం తెలియనివాళ్ల ముందు పోయే పరువు గురించి ఆలోచించాను గానీ, ఆ వీధిలో పుట్టి పెరిగిన మనిషికి పోయే పరువు గురించి ఆలోచించలేదు.

 అవతల ఆడవాళ్ల ఏడుపులు వినబడుతున్నాయి. "ఇంతగా చెప్తాండావు. చూస్తాలే పాపా" అని ఆయన ఫోను పెట్టేశాడు.

పదకొండింటికి తెర మీద పదకొండు ఎర్ర చుక్కలు, ఒక పచ్చ చుక్క. పచ్చదాన్ని నొక్కాను. అన్న చేతులు కనిపించాయి, అడ్డదారం పట్టుకుని నాడె అటూ ఇటూ పోతోంది. మెల్లగా ఆడించమన్నాను గానీ మగ్గానికి మెల్లగా అనేది లేదు. చెక్క తగిలిన ప్రతిసారీ టక్కుమంటోంది. చూస్తున్నవాళ్లు కుర్చీల్లో ముందుకు జరిగారు. అప్పుడు ఆ చప్పుడు వెనకనుంచి రాగం తీసి ఒక ఏడుపు మొదలైంది. "నన్ను జూడకుండానే పోతివి కద నాయనా..." కూతురు చేరినట్టుంది. తెలుగు రాని పెద్దమనిషి ఒకాయన, అదేమిటి, పాటా అని అడిగాడు.

"పక్కింట్లో టీవీ" అని చెప్పి సౌండు తీసేశాను.

ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు రాసి కొట్టేశానో. మిగతా చుక్కలు ఎందుకు ఎర్రగా ఉన్నాయని అడిగారు. ఈరోజు వాళ్లకు సెలవన్నాను. మొదటి అబద్ధానికే తడుముకోవాలి, రెండోది దానంతటదే వస్తుంది. మొత్తానికి వాళ్లకు నచ్చింది. వారం తిరక్కుండా సరేనన్నారు. మందుల షాపాయనకు కూడా స్వీట్లు పంచాను.

నెల తర్వాత అన్న మగ్గం మీద ఉన్న నిలువు దారాల పడుగు అయిపోయింది. కొత్త పడుగు ఎక్కించాలంటే, పాత దారాల కొసలకు కొత్త దారాల కొసలు ఒక్కొక్కటీ మెలిపెట్టి అతకాలి. వేల దారాలు. ఆ పని ఆడవాళ్లది. ఒక ఇంట్లో అతికే పని ఉందంటే చుట్టుపక్కల ఇద్దరో ముగ్గురో వచ్చి కూర్చుంటారు, తర్వాత వాళ్ల ఇళ్లకు వీళ్లు పోతారు. రమ్మని పిలిచేదేమీ ఉండదు. అలా అయ్యే పని అన్న ఇంట్లో ఆరు రోజులైనా కాలేదు. ఎర్ర చుక్క ఎర్రగానే ఉంది. కస్టమర్ ఫిర్యాదు పెట్టింది. మా సిస్టమ్ రోజుకొకటి చొప్పున, మీ మగ్గం ఆలస్యంగా నడుస్తోంది అని ఆయనకు మెసేజీ పంపుతూనే ఉంది.

ఏడో రోజు స్వీట్ల డబ్బా పట్టుకుని ధర్మవరం పోయాను. మగ్గం దగ్గర వదిన ఒక్కతే వంగి కూర్చుని అతుకుతోంది. పక్కన అవ్వ, దారాన్ని కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని, కొసలు ఏరి అందిస్తోంది.

"ఎవురూ రాలేదా వదినా?"

"ఎవురొస్తారు" అంది తలెత్తకుండా. "ఒగరూ ఒగ మాట అనలేదు పాపా. అన్నా బాగుండు. నీళ్లకాడ పలకరిస్తారు. అతికేదానికి మాత్రం రారు. శవం లేచేదాకా ఆగలేనోల్ల మగ్గం కదా ఇది."

అన్న లోపలినుంచి వచ్చాడు. "పాపనేమీ అనొద్దు. ఆడించింది నేను" అన్నాడు. ఆయన నాలుగు తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

నేను చేయాల్సింది ఒకటే. పక్కింటి గడప దగ్గరికి పోయి, ఆ పని చేయించింది నేనమ్మా అని చెప్పడం. ఒక్క మాట. పోయాను కూడా. పెద్దాయన కూర్చునే అరుగు ఖాళీగా ఉంది. కొడుకు మగ్గం ఆపి, ఏమక్కా అన్నట్టు చూశాడు.  చెబితే ఆ వీధి మొత్తం ఫోన్లు పీకి నా చేతిలో పెడుతుందనిపించింది. అప్పుడే పెట్టుబడి వచ్చిన కంపెనీ.

"యాప్ బాగా పనిచేస్తాందా?" అని అడిగాను.

"బాగుండాదక్కా" అన్నాడు.

వెనక్కి తిరిగి వచ్చేశాను. అడిగిన తప్పు ఒకటైతే, ఇది రెండోది, పెద్దది. తర్వాత మూడేళ్లు ధర్మవరం పోయినప్పుడల్లా ఆ వీధి తప్పించుకుని తిరిగాను. మీటింగుల్లో మాత్రం నమ్మకమే వ్యాపారానికి పునాది అని చెప్పేదాన్ని.

పోయిన ఏడు ఒక ఉదయం హిందూపురం గదిలో కూర్చుని తెర చూస్తున్నాను. పన్నెండూ పచ్చగా ఉన్నాయి. అన్న మగ్గం ఎర్రబడింది. టిఫినుకు లేచాడేమో అనుకున్నాను. రెండు నిమిషాలకు పక్కింటిది ఎర్రబడింది. తర్వాత దాని పక్కది, ఎదురుది, మూలది. టీ చల్లారేలోపు వీధి మొత్తం ఎర్రబడింది. ఈసారి నేను ఎవరికీ ఫోన్ చేయలేదు. దొరికిన రైలు పట్టుకుని ధర్మవరం పోయాను.

వీధిలోకి తిరిగితే ఒక్క చప్పుడు లేదు. అవ్వను ముందు గదిలో, మగ్గం పక్కన, రోజూ కూర్చునే చాప చోటే పడుకోబెట్టారు. వదిన చుట్టూ ఆ వీధి ఆడవాళ్లందరూ ఉన్నారు. మగవాళ్లు బయట నీడలో కూర్చున్నారు. పక్కింటి కొడుకు బిందెతో నీళ్లు మోస్తున్నాడు. తన తండ్రి శవం ఉండగా మగ్గం ఆడిన ఇల్లది. ఆ ఇంటి కోసం అందరికంటే ముందు మగ్గం దిగింది అతనే. నా తెర మీద నిమిషాలతో సహా ఉంది.

నేను పోయి అతని ముందు నిలబడ్డాను. ఏడుపు ఆగలేదు. "మీ నాయన పోయినప్పుడు మగ్గం ఆడించమని అన్నను బలవంతం చేసింది నేను" అన్నాను.

అతను బిందె దించాడు. కోపం వస్తుందని చూశాను, రాలేదు. తడిచేతులు పంచెకు తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు.

"ఆ పొద్దే చెప్పింటే మా ఇంటామె వచ్చి అతుకుతుండె కదక్కా. అవ్వకు ఆ కండ్లతో దారాలు ఏరే బాధ తప్పుతుండె."

బిందె ఎత్తుకుని లోపలికి పోయాడు. నేను ఎక్కడ నిలబడాలో తెలియక పెద్దాయన అరుగు పక్కన నిలబడ్డాను.

అప్పుడే లోపల అవ్వ తల దగ్గర కూర్చున్న అన్న చొక్కా జేబులో ఫోను మోగింది. తర్వాత పక్కింటి కొడుకుది, ఆ తర్వాత వరసగా నీడలో కూర్చున్నవాళ్లందరివీ. మగ్గాలు ఆగి మూడు గంటలైంది. పెద్దాయన పోయిన రోజు కూడా, నేను టీవీ అని చెప్పిన ఆ పూటే, ఇదే మెసేజీ ఆయన కొడుకు జేబులో మోగే ఉంటుంది. ఎవరూ ఫోను తీసి చూడలేదు. అందులో ఏముందో అందరికీ తెలుసు.