గుర్రానికిచ్చిన బయానా

మా అమ్మాయికి పదహారేళ్ళప్పుడు నేనొక గుర్రానికి బయానా ఇచ్చాను. పదిహేను వేలు. మిగతా నలభై అయిదు వేలూ నెల తిరిగేలోగా కట్టి గుర్రాన్ని తెచ్చుకోవాలి. కట్టకపోతే బయానా తిరిగి రాదు. ఒప్పందం అంతే, అందులో నాకు అర్థం కానిదేమీ లేదు. కాబట్టి తర్వాత నేను చేసినదానికి ఎవరినీ తప్పు పట్టే హక్కు నాకు లేదు. అయినా ఒకరిని పట్టాను. ఆ సంగతే రాస్తున్నాను.

మాది ఈ హిందీ ఊళ్ళో, సెక్టర్ 2లో ఉక్కు ప్లాంటు క్వార్టరు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగంలో చేరాడు. నేను రోలింగ్ మిల్లులో చేరాను. మా వీధిలో పదో తరగతి దాటిన ప్రతి పిల్లా పిల్లాడూ సైకిలెక్కి కోచింగుకి పోయేవాళ్ళే. మా అమ్మాయీ పోయేది. అంటే, పోతోందనుకున్నాం. ఒకరోజు కోచింగు వాళ్ళు ఫోన్ చేసి, "మీ పాప నెల్లాళ్ళుగా రావట్లేదు సార్, ఒంట్లో బాగోలేదా?" అని అడిగారు.

ఎక్కడికి పోతోందో దాని స్నేహితురాలు చెప్పింది. స్కూటరేసుకుని ఉతై రోడ్డు పట్టుకు పోయాను. దారిలో ఒక కౌలు పొలం, దాని మధ్య రేకుల షెడ్డు, అందులో అయిదు గుర్రాలు. సైన్యంలో గుర్రపు దళంలో చేసి రిటైరైన ఒక పెద్దాయన అక్కడ స్వారీ నేర్పేవాడు. అందరూ ఆయన్ని రిసాల్దార్ సాబ్ అనేవారు. డబ్బు కట్టలేని మా పిల్ల అక్కడ పేడ ఎత్తి, దాణా కలిపి, దానికి బదులుగా స్వారీ నేర్చుకుంటోంది.

నేను వెళ్ళేసరికి ఒక గోధుమరంగు గుర్రం వెనక కాలు తన తొడ మీద పెట్టుకుని, ఇనప కొక్కెంతో డెక్కలో ఇరుక్కున్న మట్టి తీస్తోంది. నన్ను చూసింది. ముఖం పాలిపోయింది. కాలు మాత్రం వదల్లేదు.

"ఏక్ మినిట్ నాన్నా," అంది. "దీని కాలు పట్టుకున్నాను."

చెంప పగలగొట్టాలని వెళ్ళినవాణ్ణి, నిలబడి ఆ నిమిషం అయ్యేదాకా చూశాను. ఇంట్లో గ్లాసు తీస్తే కిందపడేసే పిల్ల. పరీక్షంటే చేతులు చెమట పట్టే పిల్ల. అంత పెద్ద జంతువు బరువు కాస్త దానిమీద వేసి నిల్చుంటే ఆ చేతుల్లో వణుకే లేదు. ఆ రోజు తిట్టాను గాని కొట్టలేదు. చివరికి, వారమంతా కోచింగు, ఆదివారం గుర్రాలు అని ఒప్పుకున్నాం.

రెండేళ్ళు అలా గడవలేదు. ఏడాదిన్నరకే రిసాల్దార్ సాబ్‌కి కిడ్నీలు దెబ్బతిన్నాయి. పొలం కౌలు కూడా అయిపోవచ్చింది. గుర్రాల్ని అమ్మేస్తున్నారని అమ్మాయి ఏడుస్తూ వచ్చి చెప్పింది. తెల్లవి రెండూ పెళ్ళి ఊరేగింపుల వాళ్ళు కొనుక్కున్నారు. ఇంకో రెండు రాజ్‌నందగావ్ వైపు పోయాయి. మిగిలింది ఆ గోధుమరంగు ఆడగుర్రం. పద్నాలుగేళ్ళది. వెనక కాలు కాస్త బిగుసుకుని ఉండేది. దాన్ని అడుగుతున్నది ఒక్కడే, ఇటుకల బట్టీ అతను, ఇటుకలు మోయించడానికి.

"మనం కొనుక్కుందాం నాన్నా. నేనింకేమీ అడగను. జిందగీలో ఏమీ అడగను," అంది.

ఆ ఆదివారం ఇద్దరం వెళ్ళాం. రిసాల్దార్ సాబ్ నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పాదాలు వాచిపోయి చెప్పులు పట్టడం లేదు. అరవై వేలన్నాడు. నేను బేరం మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ధర సంగతి వదిలెయ్యండి సాబ్. ఆరు నెలల దాణా డబ్బు పక్కన పెట్టగలరా? ఇది ఇంకో పదేళ్ళు బతుకుతుంది. కాలుకి మందులుంటాయి. డెక్కలకి నాడాలు మార్పిస్తూ ఉండాలి. మీ ప్లాంటు క్వార్టర్లో కట్టెయ్యనివ్వరు, ఎక్కడ ఉంచుతారు? ఈ ప్రశ్నలు నేను అందర్నీ అడుగుతాను."

"పెట్టగలను," అన్నాను. పక్కన అమ్మాయి ఉంది. ఇంకేమనగలను.

ఆయన నా వంక చాలాసేపు చూశాడు. "సరే. పదిహేను వేలు బయానా ఇవ్వండి. నెల టైము. మీకోసం బట్టీవాణ్ణి పొమ్మంటాను కాబట్టి మీరు వెనక్కి తగ్గితే అది తిరిగివ్వను. ఆలోచించుకుని ఇవ్వండి."

జేబులోంచి తీసి ఇచ్చేశాను. అమ్మాయి ముందర అలా తీసి ఇవ్వడంలో ఒక గొప్ప ఉందని, దానికోసమే ఇచ్చానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. తిరిగొచ్చేటప్పుడు స్కూటరు మీద వెనకనుంచి నా చొక్కా రెండు చేతులతో పట్టుకుంది. చిన్నప్పుడు పట్టుకున్నట్టు.

ఆ నెల మా ఇంట్లో పండగే. ఎప్పుడూ హిందీలో మాట్లాడే పిల్ల తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టింది. గుర్రం మెడ మీద వెంట్రుకల్ని ఏమంటారు నాన్నా? జూలు. నోట్లో పెట్టేదాన్ని? కళ్ళెం. వీపు మీద? జీను. మరి కాలికీ డెక్కకీ మధ్య ఈ భాగాన్ని? నాకు తెలియదు. "అదేటో మీ తాతకి తెలుసుండాలి," అంది మా ఆవిడ నవ్వుతూ. ఉతైలో ఒక పాలవ్యాపారి దగ్గర గేదెల పాక పక్కన చోటు కూడా కుదిర్చాను. అమ్మాయి వెళ్ళి చీపురుతో ఆ చోటంతా ఊడ్చి, నేల ఎత్తుపల్లాలు పలుగుతో సరిచేసి వచ్చింది. అరచేతులు బొబ్బలెక్కాయి. చూపించి మురిసిపోయింది.

మూడో వారంలో నేను కాగితం పెన్నూ తీసుకుని కూర్చున్నాను. పాలవ్యాపారి అద్దె, శనగలు, తవుడు, గడ్డి, నాడాలు, డాక్టరు. ప్రతి నెలా నా జీతంలో ఆరోవంతు పైనే పోతుంది. నిజం చెప్పాలంటే అది నేను మొయ్యలేనంత బరువేమీ కాదు. పండక్కి చీరలు మానుకోవాలి. కారు కొనాలన్న ఆలోచన మానుకోవాలి. పైగా బ్యాంకులో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, అమ్మాయికి సీటు రాకపోతే ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీలో కట్టడానికి. అందులోంచి కొంత తీస్తే సరిపోయేది.

"ఏటండీ, ఆ డబ్బు ముట్టుకుంటారా?" అంది మా ఆవిడ. "పదేళ్ళు మేపాలట. రేపు పిల్లకి పెళ్ళయి వెళ్ళిపోతే ఆ గుర్రాన్ని మీరు తోలుకు తిరుగుతారా?" మళ్ళీ తనే, "అయినా మాటిచ్చేశారు కదా. మీ ఇష్టం. చెయ్యలేకపోతే మాత్రం దానికి మీరే చెప్పండి, నన్ను మధ్యలో పెట్టకండి," అంది.

ఆమె అడ్డం పడలేదు. అడ్డం పడిందని నేను చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను.

నన్ను ఆపింది భయం. మా షిఫ్టులో వాళ్ళు అప్పటికే "ఏం ఘోడేవాలా" అని పిలవడం మొదలుపెట్టారు. మాలాంటి ఇంట్లో గుర్రమేమిటి అన్న సిగ్గు. జబ్బుపడితే, కాలు విరిగితే, అప్పుడేం చెయ్యాలి అన్న భయం. ఆ కాగితం మీద అంకెలు కూడా, ఎక్కడైనా కుదరదని తేలుతుందేమోనన్న ఆశతో వేసినవే.

గడువుకి నాలుగు రోజుల ముందు ఒక్కణ్ణే ఉతై రోడ్డుకి వెళ్ళాను. నా వల్ల కాదని చెప్పాను. బయానా తిరిగిమ్మని కూడా అడిగాను, సిగ్గు లేకుండా.

"ముందే చెప్పాను కదా సాబ్," అన్నాడు రిసాల్దార్ సాబ్. కోపం లేదు, అలసట ఉంది. "ఇప్పుడు ఆ బట్టీవాడు ఇంకా తక్కువకి అడుగుతాడు. ఇవ్వక తప్పదు. నాకు వారానికి రెండుసార్లు డయాలసిస్."

"మా అమ్మాయికి మీరు చెప్తారా? ఇంకెవరో మంచివాళ్ళు కొనుక్కున్నారని…"

"నేను పిల్లలతో అబద్ధం చెప్పను. మీరే చెప్పండి, నిజమే చెప్పండి. నా వల్ల కాలేదమ్మా అని చెప్పండి. ఏడుస్తుంది. తర్వాత మరిచిపోతుంది."

స్కూటరు స్టార్ట్ చేసేదాకా ఆ మాటే చెబుదామనుకున్నాను. సివిక్ సెంటర్ దాటేసరికి ఇంకో మాట తయారైంది. ఇంటికెళ్ళి, చెప్పులు విప్పకుండానే, గుమ్మంలోనే అన్నాను: "ఆ ముసలాడు మోసం చేశాడమ్మా. ఎవడో ఎక్కువిస్తానన్నాడట, వాడికి అమ్మేశాడు. బయానా కూడా తినేశాడు."

అది కాసేపు నన్నే చూసింది. "రిసాల్దార్ సాబా?" అంది.

"ఆయనే. మనుషులు అలాగే ఉంటారు."

"నేను వెళ్ళి అడుగుతాను."

"అక్కడ ఎవరూ లేరు. షెడ్డు ఖాళీ," అన్నాను. రెండో అబద్ధం మొదటిదానికన్నా తేలిగ్గా వచ్చింది.

వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆవిడ అంతా విన్నది. ఆ రాత్రి నాకు అన్నం పెట్టేటప్పుడు నా ముఖం చూడలేదు.

అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పుస్తకాలు తీసింది. సోమవారం నుంచి ఆదివారం దాకా కోచింగుకే పోయింది. అయినా మంచి ర్యాంకు రాలేదు. రాయపూర్‌లో ప్రైవేటు కాలేజీలో చేర్పించాం, ఆ డిపాజిట్ డబ్బుతోనే. మొదటి ఏడాది చివర్లో రిసాల్దార్ సాబ్ పోయాడని, ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలంతా చూడడానికి వెళ్తున్నారని స్నేహితురాలు ఫోన్ చేసింది. ఆ వారం ఇంటికొచ్చి ఉన్న మా అమ్మాయి నా ఎదురుగానే, "ఆ దొంగ కోసం నేనెందుకు రావాలి?" అని ఫోన్ పెట్టేసింది. నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. అప్పుడు చెప్పొచ్చు. అప్పుడైనా చెప్పొచ్చు. పాడె ఇంకా లేవలేదు, టైముంది. పేజీ తిప్పాను.

తర్వాత ఆర్నెల్లకి ఒక ఆదివారం పొద్దున్న రిసాల్దార్ సాబ్ భార్య వచ్చింది. అమ్మాయి సెలవుల్లో ఇంట్లోనే ఉంది. తలుపు తనే తీసింది. నేను స్నానాలగదిలో ఉన్నాను. ఆవిడ గొంతు వినిపించింది.

"నువ్వేనా బేటీ? ఎంత పెద్దదానివయ్యావు. ఇదిగో, మీ నాన్నగారు ఇచ్చిన బయానా. మా ఆయన ఉన్నప్పుడే ఇచ్చెయ్యమన్నారు. ఆడపిల్ల ఆశపడి ఇచ్చిన డబ్బు మనకొద్దన్నారు. ఆసుపత్రి ఖర్చుల్లో ఇన్నాళ్ళూ కుదర్లేదు, ఏమీ అనుకోకండి."

మా అమ్మాయి, "ఆంటీ, గుర్రాన్ని ఎవరికి అమ్మారు?" అని అడిగింది.

"ఆ బట్టీవాడికేనమ్మా. ఇంకెవరున్నారు? మీ నాన్నగారు గడువుకి ముందే వచ్చి తన వల్ల కాదని చెప్పి వెళ్ళారు కదా. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు. గుర్రాన్ని మేపడం అంటే మాటలా?"

నేను ఒళ్ళు తుడుచుకుని, తువ్వాలు భుజాన వేసుకుని ఆ తలుపు వెనకే నిలబడిపోయాను. బయటికి వెళ్ళలేకపోయాను. మా అమ్మాయి ఆవిణ్ణి లోపల కూర్చోబెట్టింది. మంచినీళ్ళిచ్చింది. ఆఖర్లో ఆయనకి బాగా బాధయిందా అని అడిగింది. చాలా నెమ్మదిగా అడిగింది. "బాధే," అందావిడ. "నీ గురించి రెండుసార్లు అడిగారు, ఆ పిల్ల రాలేదా అని. దూరంగా చదువుకుంటోంది కదా, ఎలా వస్తుందని నేనే చెప్పాను."

ఆవిడ వెళ్ళాక బయటికొచ్చాను. డబ్బు కవరు బల్ల మీద ఉంది. అమ్మాయి లేదు, నా స్కూటరూ లేదు.

బట్టీ ఎక్కడుందో ఎవర్ని అడిగి తెలుసుకుందో నాకు తెలియదు. చీకటి పడే వేళకి వచ్చింది. పాదాల నుంచి మోకాళ్ళ దాకా ఎర్రటి ఇటుక పొడి. పెరట్లో కుళాయి కింద చాలాసేపు కాళ్ళు కడుక్కుంది. మా ఆవిడ వెళ్ళి పక్కన నిలబడింది. వాళ్ళమ్మతోనే చెప్పింది, నాతో కాదు. గుర్రం ఒక్క సీజను ఇటుకలు మోసిందట. వర్షాలకి బట్టీ మూసేవేళకి వెనక కాలు పూర్తిగా పడిపోయిందట. నాలుగు నెలలు ఊరికే ఎవరు మేపుతారని హైవే మీదకి తోలేశారట. ఎటుపోయిందో ఎవరికీ తెలియదట. అక్కడి మేస్త్రీ నవ్వుతూ చెప్పాడట, "ఆ రోజంతా మళ్ళీ మళ్ళీ బట్టీకే తిరిగొచ్చింది దీదీ, రాళ్ళేసి తరిమాం" అని.

ఆ డబ్బుని అమ్మాయి ముట్టుకోలేదు. నేనూ ముట్టుకోలేదు. మా ఆవిడ ఏం చేసిందో నేను అడగలేదు.

చదువు పూర్తిచేసింది. ఇప్పుడు హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న కార్ఖానాలో కొటేషన్లు తయారుచేసే ఉద్యోగం. మాతోనే ఉంటుంది. పెళ్ళి మాటెత్తితే లేచి వెళ్ళిపోతుంది. నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. నా బీపీ మాత్రలు అయిపోతే తెస్తుంది. అన్నిటికీ హిందీలోనే జవాబిస్తుంది, బయటివాళ్ళతో మాట్లాడేటంత మర్యాదగా.

ఈ మధ్య నా కంటికి శుక్లం తీయించుకోవాల్సి వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. చుక్కల మందు వేసి కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు. పక్క కుర్చీలో అది ఉందని చప్పుడుని బట్టి తెలుస్తోంది. కళ్ళు మూసుకుని ఉండటం వల్లేనేమో, అప్పటికి ధైర్యం వచ్చింది.

"అమ్మా, ఆ గుర్రం సంగతిలో నేను చాలా తప్పు చేశాను. రిసాల్దార్ సాబ్ సంగతిలో ఇంకా పెద్ద తప్పు చేశాను. డబ్బు లేక కాదు. నన్ను క్షమించమ్మా," అన్నాను.

హాల్లో ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు. వినలేదేమో, లేచి వెళ్ళిపోయిందేమో అనుకున్నాను.

"సున్ లియా," అంది. విన్నాను అని, అంతే.

తర్వాత నర్సు మా నంబరు పిలిచింది. అది నా మోచెయ్యి పట్టుకుని లేపి, మెట్టుంది చూసుకోండి అని లోపలికి నడిపించింది.